వద్దన్నవాడి ఆకలి

స్కార్‌బెక్, యార్క్‌షైర్
11 ఫిబ్రవరి 1961, శనివారం

వెరిటీకి నాన్నమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం గురువారం అందింది. ఏ ఉత్తరానికైనా రెండు రోజులు ఆగి జవాబు రాయడం నా పద్ధతి. కోపం ఉంటే ఈలోగా చల్లారుతుంది. ఈసారి చల్లారలేదు. అయినా వచ్చే ఆదివారానికి గొడ్డు మాంసం ఎంత కావాలో బుధవారంలోగా కొట్టులో చెప్పాలి కనుక రాయక తప్పడం లేదు.

నువ్వు అడిగినవి రెండు. మీ ఓడల కంపెనీ ఆఫీసులో పనిచేసే ఆ హాలండ్ అబ్బాయిని పంతొమ్మిదో తారీకున భోజనానికి తీసుకురావచ్చా అన్నది మొదటిది. తీసుకురా. ఈస్టర్ ముందు రోజు మన చర్చిలో అతన్ని పెళ్ళాడటానికి నా సంతకం కావాలన్నది రెండవది. నీకు ఇరవయ్యొకటి నిండేది నవంబరులో. అంతవరకు నీ తల్లిదండ్రుల స్థానంలో ఉన్నది నేను. తింటుండగా చూడని మనిషికి నేను పిల్లను ఇవ్వను. మాటలు ఎవరైనా నేర్చుకుంటారు. పళ్ళెం ముందు కూర్చున్నప్పుడే మనిషి బయటపడతాడు. మీ తాతను నేను ఒప్పుకున్నది ఆయన ఊరవేసిన ఉల్లిపాయను చప్పుడు కాకుండా తినగలగడం చూసి. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో నా అంచనా తప్పలేదు.

ఇక నీ ఉత్తరంలోని భాష. "ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను స్టార్వింగ్" అని రాశావు. ఆ మాటకు అర్థం తిండి లేక ప్రాణం పోతూ ఉండటం. మధ్యాహ్నం రొట్టె, జున్ను తిన్నదానివి సాయంత్రం ఐదింటికి ప్రాణం పోగొట్టుకుంటున్నావా? ఆకలికి మెట్లున్నాయని నీకు ఐదేళ్ళప్పుడే చెప్పాను. బిస్కెట్టుతో తీరిపోయేది 'పెకిష్'. దానికి పై మెట్టు 'ఏదైనా కాస్త తింటే బాగుండు'. వానలో గొర్రెలు తోలి ఇంటికి చేరినవాడికి 'హంగ్రీ' అనే హక్కు ఉంది. ఆ పైమెట్టు ఎక్కినవాళ్ళు దేవుడి దయవల్ల మన వంశంలో లేరు. ఎక్కనివాళ్ళు దాని పేరు ఎత్తకూడదు. లండన్ వెళ్ళాక మధ్యాహ్నం తిండిని 'లంచ్' అనడం కూడా మొదలుపెట్టావు. పన్నెండున్నరకు తినేది డిన్నర్. ఐదింటికి తినేది టీ. ఇది నా అభిప్రాయం కాదు, వాస్తవం.

అతనికి కొంత నేర్పి తీసుకురా. బల్ల దగ్గర ఆకలి మాట రాకూడదు. తనంతట తాను అడగకూడదు. మొదటిసారి పెట్టబోతే మర్యాదకు వద్దనాలి, రెండోసారి వినయానికి వద్దనాలి, మూడోసారి తీసుకోవాలి. మనుషులందరికీ తెలిసిన సంగతే గానీ, హాలండ్ సంగతి నాకు తెలియదు.

నా తమ్ముడు, అదే మీ ఈనక్ తాత, కులాసాగా ఉన్నాడు. చెవుడు పెరిగింది. పనికొచ్చే మాటలు మాత్రం వినబడుతున్నాయి. పక్కింటి మిసెస్ ఇబట్‌సన్‌కు నీ సంగతి నేను చెప్పలేదు. ఆమెకు అప్పటికే తెలుసు.

నాన్నమ్మ

*

లండన్
14 ఫిబ్రవరి, మంగళవారం

నాన్నమ్మా,

ముందు చెడ్డ వార్త. నాకు గవదబిళ్ళలు వచ్చాయి. నవ్వకు. పంటల పండగకి చర్చిలో వరసగా పెడతారే, ఆ గుమ్మడికాయల మధ్య నన్ను కూర్చోబెడితే ఎవరూ గుర్తుపట్టరు. డాక్టరు గది దాటొద్దన్నాడు. నమలలేను. ఒక్క గుక్క మింగాలంటే ముందు దేవుణ్ణి తలుచుకోవాలి. రోజుకు మూడు గిన్నెల పల్చటి చారు మీద బతుకుతున్నాను. ఏ మెట్టు మీద ఉన్నానో నువ్వే చెప్పు. ఆ పెద్ద మాట అనను, ఒట్టు. కడుపులో ఎలకలు పరుగెత్తీ పరుగెత్తీ అలసిపోయి గోడకు చేరగిలబడ్డాయి, అంతే.

ఇప్పుడు మంచి వార్త. యోస్ట్ వస్తున్నాడు. ఆఫీసు పని మీద శనివారం హల్ రేవుకు వెళ్తున్నాడు, ఆదివారం అక్కడినుంచి నీ దగ్గరికి. ఒంటరిగానే. అతనికి చిన్నప్పుడే గవదబిళ్ళలు వచ్చి పోయాయి కనుక నీకేమీ అంటించడు.

నేర్పమన్నావుగా, నేర్పుతున్నాను. నిజంగా అవసరమే. అతను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు మిసెస్ టఫ్‌నెల్ కిందటి నెల "సూప్ ఎలా ఉంది బాబూ?" అని అడిగిందట. "నీళ్ళలా ఉందండీ. నాకింకా ఆకలిగానే ఉంది" అన్నాడట. ఆవిడ చెంచా కింద పెట్టేసి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. "అడిగింది కదా, చెప్పాను. తప్పేముంది?" అంటాడు!

అందుకని రోజూ సాయంత్రం నా గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటాడు, నేను మంచం మీద నుంచి పాఠం చెబుతాను.

"వద్దండీ, థాంక్యూ. దీనికి అర్థం?"

"వద్దని."

"కాదు. ఇంకోసారి అడగమని. 'అయ్యో, ఇంక పట్టదండీ' అంటే?"

"పట్టదని."

"కాదు. ఇంకోసారి అడిగితే పడుతుందని. 'చిన్న ముక్క చాలు' అంటే?"

"చిన్న ముక్క."

"పెద్ద ముక్క, యోస్ట్! పెద్ద ముక్క!"

వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "అయితే మీ దేశంలో ఆకలేసినవాడు ఒక్క రొట్టె కోసం మూడు అబద్ధాలాడాలన్నమాట. మాకైతే ఆకలేస్తోందంటే పెడతారు, లేకపోతే లేదంటారు. రోజులో చాలా సమయం మిగులుతుంది" అన్నాడు.

అయినా పట్టుదల మనిషి. 'ఇంక పట్టదండీ'ని అద్దం ముందు నిలబడి సాధన చేస్తున్నాడు. ఇప్పుడు వింటే నీ చెల్లెలు అన్నదనుకుంటావు. మన ఇంటి పద్ధతులు, గుట్టుమట్లు, నా చిన్నప్పటి సంగతులు అన్నీ చెప్పేశాను. ఈనక్ తాత పాల వాసన తగిలిన పిల్లిలా గిన్నెల చుట్టూ ఎలా తిరుగుతాడో అదీ చెప్పాను. ఏ లోటూ రాదు. నువ్వు కలంలో సిరా నింపుకుని కూర్చో.

నీ గుమ్మడికాయ,
వెరిటీ

*

స్కార్‌బెక్
20 ఫిబ్రవరి, సోమవారం

వెరిటీకి,

సోమవారం బట్టలుతికే రోజని నీకు తెలుసు. బట్టలు తొట్టిలో నానుతున్నాయి. నేను ఇక్కడ కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. దీన్నిబట్టి సంగతి ఎంతవరకు వచ్చిందో గ్రహించు.

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీకు గవదబిళ్ళలని తెలియగానే మాంసం నలుగురికి కాకుండా ముగ్గురికి సరిపడేటట్టు మార్చి చెప్పాను. అతను వేళకు వచ్చాడు. బూట్లు రెండుసార్లు తుడుచుకున్నాడు. కుండీలో తులిప్ పూలు తెచ్చాడు. మనిషి పొడుగు, సన్నం. మోచేతులు కాస్త అదుపులో లేవు. చెప్పకుండానే బొగ్గుల బుట్ట ఖాళీగా ఉండటం చూసి, నింపుకొస్తానని వెనకవైపు వెళ్ళాడు. అంతవరకు నాకు ఏ ఆక్షేపణా లేదు. సంతకం పెట్టే ఉద్దేశంతోనే ఉన్నానని కూడా రాస్తున్నాను, నువ్వు పోగొట్టుకున్నదేమిటో తెలియాలి కనుక.

పన్నెండుంబావుకు తలుపు చప్పుడైంది. పాస్టరు పికర్స్‌గిల్ గారు, వారి భార్య. వాళ్ళింట్లో పొయ్యి చెడిపోయిందట. "థర్జా ఇంట్లో ఇవాళ మంచి మాంసం కాలుతోంది, అటు వెళ్ళండి" అని మిసెస్ ఇబట్‌సన్ దారి చూపిందట. దైవసేవకుణ్ణి గుమ్మంలోంచి పంపేసే ఇల్లు కాదు మనది. కానీ ముగ్గురి మాంసం, ఐదుగురు మనుషులు.

ఈనక్‌ను వంటింట్లోకి పిలిచి మన ఇంటి మూడక్షరాల మాట చెప్పాను: ఎఫ్.హెచ్.బి., ఫ్యామిలీ హోల్డ్ బ్యాక్. ఇంటివాళ్ళు తగ్గాలి, వచ్చినవాళ్ళు తినాలి. నువ్వు పాలపళ్ళు ఊడకముందే నేర్చుకున్న మాట. ఈనక్ "ఆఁ?" అన్నాడు. ఇంకాస్త గట్టిగా చెప్పాను. "ఆఁ ఆఁ" అన్నాడు. సరే విన్నాడనుకున్నాను.

మన పద్ధతి ప్రకారం ముందు పిండి, గుడ్లు కలిపి కాల్చిన పుడ్డింగ్, దాని మీద మాంసం రసం. నిన్నటి పుడ్డింగ్ పొయ్యిలో పొంగి గిన్నె అంచు మీద జానెడు లేచింది. ఇరవై ఏళ్ళలో అంతటిది రాలేదు. అతనికి పెట్టబోయాను.

"ఒక మూల చాలండీ," అన్నాడు.

"ఎక్కువ పుడ్డింగ్ తిన్నవాళ్ళకే ఎక్కువ మాంసం, బాబూ," అన్నాను.

"అయ్యో, ఇంక పట్టదండీ."

"ఎందులో పట్టదయ్యా?" అన్నాడు ఈనక్. "నువ్వింకా మొదలే పెట్టలేదు!"

మాంసం వచ్చింది. అడిగాను, వద్దన్నాడు. మర్యాద. మళ్ళీ అడిగాను, వద్దన్నాడు. వినయం. మూడోసారి ముక్కను చాకు మీద పట్టుకుని మరీ అడిగాను. పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి, "అయ్యో, ఇంక పట్టదండీ. పాస్టరు గారికి వెయ్యండి" అన్నాడు. నా జీవితంలో ఎవరినీ నాలుగోసారి అడగలేదు. అడిగాను. ఒక్క బంగాళాదుంప తీసుకున్నాడు. దాన్ని పాస్టరు గారు మూడు ముక్కలు తినేంతసేపు తిన్నాడు. పాస్టరు గారి సంగతి నేను రాయకూడదు. దేవుడు ఆయనకు గొంతూ పెద్దదే ఇచ్చాడు, ఆకలీ పెద్దదే ఇచ్చాడు. ఈనక్ మూడు ముక్కలు మెక్కి గిన్నె వైపు చూశాడు. ఆమె, అంటే పాస్టరు గారి భార్య, "మీ మనవరాలి స్నేహితుడికి మన తిండి సయించదు కాబోలు" అంది. నేను వండిన బల్ల దగ్గర, నా ముఖం మీద.

ఇంతలో అతను నావైపు చూసి నవ్వుతూ కూర్చున్నాడు. ఆఖరికి కన్ను కొట్టాడు. నాకు డెబ్బై మూడేళ్ళు.

సంతకం లేదు. నా చేతి వంటను కాదన్నవాడు రేపు నీ చేతి వంటను కాదంటాడు, ఎల్లుండి నిన్నే కాదంటాడు. గొంతుకు ఉప్పునీళ్ళు పుక్కిలించు.

నాన్నమ్మ

*

లండన్
23 ఫిబ్రవరి, గురువారం

నాన్నమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ పుడ్డింగ్ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఏడ్చాను, ఎందుకంటే నేనింకా చారు మీదే ఉన్నాను.

కన్ను కొట్టాడా? యోస్టా? నాకే ఇంతవరకు కొట్టలేదు!

నిన్న సాయంత్రం స్టూలు మీద కూర్చోబెట్టి నిలదీశాను. "ఎందుకు తినలేదు?" అంటే సిగ్గుపడుతూ నవ్వుతాడు. "భోజనం బాగా లేదా?" అంటే, ఆ మాంసం వాసన గురించి పావుగంట మాట్లాడాడు. మధ్యలో కళ్ళు మూసుకున్నాడు కూడా. "మరి ఎందుకు తినలేదు మహానుభావా?" అంటే, "అది నాకూ మీ నాన్నమ్మ గారికీ మధ్య విషయం. ఆవిడకు తెలుసు. ఆవిడ చాలా గొప్ప మనిషి" అంటాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను. ముఖం తెల్లబోయింది. అయినా, "ఆవిడ చెప్పలేదంటే ఏదో కారణం ఉంటుంది. ఆవిడ చెప్పంది నేను చెప్పకూడదు" అన్నాడు. సూప్ నీళ్ళలా ఉందని ముఖం మీద చెప్పే మనిషి! వద్దనడం నేర్పిస్తే దాచడం కూడా నేర్చుకున్నాడు. తప్పంతా నాదే.

నాకు తోచింది ఒక్కటే. అతను లెక్కల మనిషి. మూడోసారి తీసుకోమన్నాను. మూడోసారి వద్దన్నాడంటే, అతని లెక్కకు అది మూడోసారి అయి ఉండదు. నాన్నమ్మా, నిజం చెప్పు. పాస్టరు గారి ముందు మాంసం తక్కువ పడుతుందని, రెండుసార్లడిగి మూడోది మెల్లగా నోట్లోనే అనుకున్నావేమో? నేను తప్పు పట్టను. ఎవరైనా అంతే చేస్తారు.

పెళ్ళి మాత్రం జరుగుతుంది. నవంబరులో నాకు నీ సంతకం అక్కర్లేదు. కానీ నువ్వు ముందు వరసలో కూర్చోని పెళ్ళి నాకు వద్దు. ఇది మర్యాదకు అనే వద్దు కాదు, వినయానికి అనేది కూడా కాదు.

వెరిటీ

*

స్కార్‌బెక్
25 ఫిబ్రవరి, శనివారం

మిస్ వెరిటీ హోల్‌రాయిడ్‌కు,

నేను నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ పైకే అడిగాను. ఈనక్‌కు వినబడేంత గట్టిగా అడిగాను. నోట్లో అనుకోవడం ఈ ఇంట్లో లేదు.

నిన్న మిసెస్ ఇబట్‌సన్ వచ్చి పంచదార అప్పు అడిగింది. ఆమె డబ్బాలో పంచదార ఉంది; ఆమె వచ్చింది చెప్పడానికి. ఆదివారం మూడింటికి వాళ్ళ అక్కను రైలెక్కించడానికి స్టేషనుకు వెళ్ళిందట. మన అబ్బాయి ప్లాట్‌ఫారం చివర, నీళ్ళ తొట్టి వెనక నిలబడి, కోటు జేబులోంచి ఎండు రొట్టె తీసి, వెన్న కూడా లేకుండా, రెండు చేతులతో చించుకుని తింటున్నాడట. "పాపం తోడేలులా బొక్కుతున్నాడే థర్జా! మీ ఇంట్లో పెట్టలేదా?" అంది.

నా బల్ల దగ్గర 'పట్టదు' అన్నవాడికి స్టేషనులో పట్టింది. పైగా ఆ రొట్టె స్టేషనులో కొన్నది కాదు. ఆదివారం అక్కడ ఏదీ అమ్మరు. అంటే వచ్చేటప్పుడే జేబులో పెట్టుకుని వచ్చాడు. థర్జా హోల్‌రాయిడ్ ఇంటికి భోజనానికి పిలిస్తే సొంత రొట్టె తెచ్చుకున్నాడు.

ముందు వరసలో ఎవరు కూర్చోవాలో నువ్వు చూసుకో.

టి. హోల్‌రాయిడ్

*

లండన్
1 మార్చి, బుధవారం

నాన్నమ్మా, నాన్నమ్మా, నాన్నమ్మా,

ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు దాన్ని పొయ్యిలో పడేయకు. కూర్చునే చదువు.

నిన్న మళ్ళీ అడిగాను. చెప్పకపోతే చారు కూడా మానేస్తానన్నాను. అది పనిచేసింది. తిండి మానేస్తాననడం అతను సరదాగా తీసుకోలేడు. చెప్పాడు.

ఆ రోజు నువ్వు వంటింట్లో ఈనక్ తాతకు మూడక్షరాల మాట చెప్పావు చూడు, రెండోసారి గట్టిగా? అప్పుడు యోస్ట్ వెనక గుమ్మం దగ్గర బొగ్గుల బుట్టతో నిలబడి ఉన్నాడు. ఎఫ్.హెచ్.బి. అంటే ఏమిటో అతనికి తెలుసు. మన ఇంటి గుట్టుమట్లు అన్నీ చెప్పానన్నానుగా! పాస్టర్లు వచ్చినప్పుడు నేను ఆకలి లేదంటూ కూర్చుని, వాళ్ళు వెళ్ళాక నీ ఒళ్ళో కూర్చుని మాంసం కొవ్వు రాసిన రొట్టె తిన్న సంగతితో సహా.

అతను నీ వైపు చూశాడట. నువ్వు కూడా అతని వైపు చూశావట. (నువ్వు చూసింది బుట్ట నిండిందా లేదా అనేమో, నాకేం తెలుసు.) అతని మాటల్లోనే రాస్తున్నాను:

"ఇంటివాళ్ళు తగ్గాలి అని ఆవిడ నాకు వినబడేలా చెప్పారు, వెరిటీ. వచ్చినవాళ్ళకు వినబడేలా ఎవరూ చెప్పరు కదా, నువ్వే అన్నావు. అంటే నేను వచ్చినవాణ్ణి కాదు. నేను లోపలికి వచ్చి గంట కూడా కాలేదు. ఆ పుడ్డింగ్ నా ముక్కు కింద పొగలు కక్కుతోంది. జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ ఆకలితో కూర్చోలేదు."

నువ్వు అడిగిన ప్రతిసారీ పాస్టరు గారి కోసం నటిస్తున్నావనుకున్నాడు. నాలుగోసారి అడిగితే, ఆహా ఎంత బాగా నటిస్తున్నారావిడ, నేనూ తగ్గకూడదు అనుకున్నాడట. కన్ను కొట్టింది అందుకు! ఇంట్లో మాంసం తక్కువైందని బయటికి పొక్కితే నీకు చిన్నతనమని నాకు కూడా చెప్పలేదు. నేను చెప్పానని అతనికి తెలియనివ్వకు.

ఇంక రొట్టె. ఇది నేను ముందే రాయాల్సింది. యుద్ధం ఆఖరి చలికాలంలో వాళ్ళ ఊళ్ళో తిండి లేదు. తక్కువ కాదు, లేదు. అప్పుడు యోస్ట్‌కు పదేళ్ళు. తులిప్ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారట. ఎలా ఉంటాయని అడిగితే, "పూలుగానే బాగుంటాయి" అన్నాడు. అప్పటినుంచి జేబులో రొట్టె లేకుండా గడప దాటడు. ఆఫీసుకు, చర్చికి, నన్ను మొదటిసారి డ్యాన్సుకు తీసుకెళ్ళినప్పుడు కూడా. పెళ్ళినాడు కూడా ఉంటుందని ముందే చెప్పాడు, నాకు అభ్యంతరమైతే ఇప్పుడే చెప్పమన్నాడు. నీ మెట్లన్నిటికంటే పైమెట్టు ఉందే, అది ఎక్కి దిగినవాడు నాన్నమ్మా. ఆ మాట మాత్రం ఎప్పుడూ వాడడు. నేను వాడితే ఏమీ అనకుండా జేబులోంచి రొట్టె తీసి ఇస్తాడు. అందుకే నేనూ మానేశాను.

మూడోసారి నోట్లో అనుకున్నావని రాసినందుకు క్షమించు. నాకు జ్వరంగా ఉంది అని అబద్ధం చెప్పగలను గానీ, లేదు. ఉత్త కోపమే.

వాపు సగం తగ్గింది. నిన్న ఒక మెత్తటి గుడ్డు తిన్నాను. దాని గురించి పాట కట్టొచ్చు.

నీ వెరిటీ

*

స్కార్‌బెక్
4 మార్చి, శనివారం

వెరిటీకి నాన్నమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న అందింది. రెండు రోజులు ఆగలేదు. కారణం కింద రాసిన పనులకు వ్యవధి చాలదు.

ముందు ఈనక్‌ను విచారించాను. "ఈనక్, ఆ ఆదివారం వంటింట్లో నేనన్నది నీకు వినబడిందా?" అని అడిగాను. "ఆఁ?" అన్నాడు. "అల్లం కేకు ఉంది, తింటావా?" అని గొంతు తగ్గించి అన్నాను. "ఒక ముక్క పెట్టక్కా" అన్నాడు. పెట్టలేదు.

"వినబడిందే అక్కా," అని ఒప్పుకున్నాడు చివరికి. "ఇంటివాళ్ళు తగ్గాలన్నావు. చూస్తే ఆ కుర్రాడు తగ్గుతున్నాడు. సరే, మన తరఫున ఒకడు తగ్గితే చాలు కదా అని నేను తిన్నా."

"అతను మన తరఫు అని నీకెవరు చెప్పారు?"

"బొగ్గులు మోస్తున్నాడు కదే. వచ్చినవాళ్ళు మోస్తారా?"



నువ్వు ఒకటి గమనించాలి. నేను ఆ మాట అతనికి చెప్పలేదు. చూసింది బుట్ట వైపే. తనకు చెప్పని మాటను తనదిగా తీసుకోవడాన్ని చొరవ అంటారు, చొరవకు ఈ ఊళ్ళో మంచి పేరు లేదు. దాని గురించి ఉదయం ఇస్త్రీ బట్టలు మడతపెడుతూ ఆలోచించాను. పెళ్ళయి వచ్చిననాటి నుంచి ఈ ఇంట్లో ఆ మాట చెబుతూనే ఉన్నాను. మీ నాన్న గొణిగేవాడు. ఈనక్ చెవిటివాడయ్యేవాడు. నువ్వు ఆకలి లేదని అంటూనే అందరి పళ్ళేలూ లెక్కపెట్టేదానివి. మీ తాత, దేవుడు ఆయన ఆత్మకు శాంతినిచ్చుగాక, పైకి వద్దని వంటింట్లోకి వెళ్ళి గిన్నె అడుగు గీక్కునేవారు. నేను చూడనట్టు ఊరుకునేదాన్ని. ఆ మాటను నేను చెప్పినదాన్ని చెప్పినట్టుగా, నవ్వుతూ, మిగులు కూడా ఆశించకుండా పాటించినవాడు ఇన్నేళ్ళలో ఒక్కడే. అతను ఇంటివాడు కాకపోతే, లెక్క ప్రకారం మిగతా మనం ఎవరమూ కాము.

రొట్టె సంగతి చదివాను. దాని గురించి ఇంకేమీ రాయను. మిసెస్ ఇబట్‌సన్‌ను పిలిచి, తోడేలు అన్న మాట వెనక్కి తీసుకోమన్నాను. "ఊరికే అన్నానే థర్జా" అంది. "అయితే ఊరికే వెనక్కి తీసుకో" అన్నాను. తీసుకుంది. పాస్టరు గారి భార్యకు మన తిండి అతనికి సయించిందో లేదో రేపు చర్చి గుమ్మం దగ్గర చెబుతాను, పదిమంది ఉన్నప్పుడు.

జ్వరం ఉందని అబద్ధం చెప్పనందుకు సంతోషం.

నాన్నమ్మ

జరగవలసినవి:

1. సంతకం చేసిన కాగితం ఇందులోనే ఉంది. మీ ఇద్దరి సంతకాలు కూడా పెట్టి పాస్టరు గారికి సోమవారమే పంపు. ఆయన ఆలస్యం చేయరు. చేస్తే నేను వెళ్ళి పొయ్యి బాగుపడిందా అని అడుగుతాను.

2. డాక్టరు సరేనంటే పన్నెండో తారీకు ఆదివారం ఇద్దరూ రండి. సరేననకపోతే అతన్ని పంపు. నీకోసం అతను ఆగనక్కర్లేదు.

3. ఎనిమిది మందికి సరిపడే మాంసం చెప్పాను. తినేది నలుగురమే. పన్నెండింటికి వీధి తలుపు గడియ పెడతాను. ఎవరి పొయ్యి చెడినా తీయను.

4. వడ్డనలో ఈనక్ ఆఖరు. ఈ సంగతి అతనికి చెప్పాను, బాగానే వినబడింది.

5. ఆ అబ్బాయిని నేను ఒక్కసారే అడుగుతాను. కావాలంటే కావాలనాలి, చాలకపోతే చాలలేదనాలి, ఉప్పు ఎక్కువైతే అదీ చెప్పాలి. నువ్వు నేర్పినదంతా మరిచిపోమను. జేబులోది జేబులోనే ఉండవచ్చు, ఎవరూ చూడరు.

6. మన వైపు మాంసం కోసి పంచడం ఇంటి మగవాడి పని. మీ తాత పోయాక ఆయన కత్తి పదకొండేళ్ళుగా నా చేతిలోనే ఉంది. ఈనక్‌ను దాని దగ్గరికి రానివ్వలేదు. నిన్న సాన పట్టించాను. ఆ రోజు దాన్ని యోస్ట్ పళ్ళెం పక్కన పెడతాను. కోయడం నువ్వు నేర్పకు. పక్కన నిలబడి నేనే నేర్పుతాను.